పది వేలలో మోడల్ రైలు మొదలుపెట్టొచ్చా? (బెంగళూరు, అద్దె ఇల్లు)

గుత్తి_షెడ్డు:
అందరికీ నమస్తే. మాది గుత్తి, డీజిల్ షెడ్డుకు దగ్గర్లోనే పెరిగా, రాత్రి ఆల్కో ఇంజిన్ల చప్పుడు వినపడకపోతే మాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు మారతహళ్లిలో రెండు బెడ్రూముల అద్దె ఇల్లు. మోడల్ రైళ్లు మొదలుపెట్టాలని మూడేళ్లుగా అనుకోవడం, ధర చూడగానే ఫోన్ పక్కన పడేయడం, ఇదే వరస. ఈసారి బోనస్‌లోంచి పది వేలు పక్కన పెట్టా. అది దాటితే ఇంట్లో యుద్ధమే.

పోయిన దీపావళికి మావాడి పేరు చెప్పి బ్యాటరీ సెట్టు ఒకటి కొన్నా. గుండ్రంగా తిరిగింది, మళ్లీ తిరిగింది, వాడికి రెండో రోజుకే విసుగొచ్చింది, నాకు మొదటి సాయంత్రానికే వచ్చింది కానీ వాడికి చెప్పలేదు.

హెచ్ఓ (అసలు రైలులో 87వ వంతు) తీసుకోవాలా, ఎన్ (160వ వంతు, ఇంకా చిన్నది) తీసుకోవాలా? డీసీసీ (ఒక్కో ఇంజిన్‌ని విడిగా నడిపే డిజిటల్ కంట్రోల్) లేకపోతే కుదరదా? గుత్తి షెడ్డు డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్, వెనక కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలు నాలుగు, ఇదీ నా కల. బల్ల మాత్రం వాడుకోనప్పుడు మంచం కిందకి పోవాలి, గోడకి మేకు కొడితే ఓనర్ ఊరుకోడు.

లూప్‌లైన్:
బ్రో, కల బాగుంది కానీ లెక్క చూడు. ఎల్‌హెచ్‌బీ పెట్టె అసలు పొడవు ఇరవై మూడున్నర మీటర్లు, 87తో భాగిస్తే హెచ్ఓలో 27 సెంటీమీటర్లు. సెట్లతో వచ్చే 18 అంగుళాల వ్యాసార్థం వంపులో అంత పొడుగు పెట్టె తిరిగితే మధ్య భాగం లోపలికి, కొసలు బయటికి పొడుచుకొచ్చి చూడ్డానికే బాగోదు, కప్లింగులు లాగేసి పట్టా కూడా దిగుతుంది. ఆ వంపుతో గుండ్రం వేసినా బల్ల దాదాపు నాలుగడుగుల వెడల్పు కావాలి. నీ మంచం కింద అంత చోటుంటే సూట్‌కేసులు ఎక్కడ పెడతారు?

గుండ్రం ఆలోచన మానెయ్. గూడ్స్ యార్డు కట్టు. ఇంగిల్‌నుక్ అని ఒక పాత ప్లాన్ ఉంది: అయిదు వ్యాగన్లు పట్టే లైను ఒకటి, మూడేసి పట్టేవి రెండు, ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లు పట్టే షంటింగ్ నెక్ (వ్యాగన్లని లాగి మళ్లీ నెట్టడానికి వాడే లైను) ఒకటి. పాయింట్లు (లైను రెండుగా చీలే చోట్లు) రెండే. ఎనిమిది వ్యాగన్లకి నంబర్లేసి, చీటీలు తీసి, వచ్చిన వరసలో అయిదింటిని పెద్ద లైనులో నిలబెట్టాలి. అలా 6720 వరసలు రావచ్చు, ఇక మీవాడికి విసుగెలా వస్తుందో చూద్దాం. బాక్స్‌ఎన్ అనే గూడ్స్ వ్యాగన్ హెచ్ఓలో 12 సెంటీమీటర్ల చిల్లర, ఆ లెక్కన మొత్తం అయిదడుగుల పొడవు, అడుగు వెడల్పులో సరిపోతుంది. ప్లైవుడ్ షాపులో కోతల్లో మిగిలిన ముక్క అడుగు, తక్కువకే ఇస్తారు.

డీసీసీ ఇప్పుడు వద్దు, ఉన్నది ఒక్క ఇంజిన్. 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టరు, ఎస్.పి. రోడ్డులో దొరికే డీసీ మోటార్ స్పీడ్ కంట్రోలర్ బోర్డు, ముందుకీ వెనక్కీ పోవడానికి డీపీడీటీ స్విచ్చి చాలు. ఇంజిన్‌లో ఉన్నది కోర్‌లెస్ మోటారైతే (లోపల ఇనుప కోర్ లేని రకం) మాత్రం ఆ చౌక బోర్డు పెట్టకు, వేడెక్కి పోతుంది.

డబ్బులో సగం ఇంజిన్‌కే పెట్టు, మిగతాది పాయింట్లకీ పట్టాలకీ. వ్యాగన్లు అట్టతో నువ్వే కట్టుకో. చక్రాలు, కప్లింగులు కొనక తప్పదు, అన్నీ ఒకే రకం కప్లింగ్ ఉండాలి. అట్ట వ్యాగన్ తేలిగ్గా ఉంటే నెట్టేటప్పుడు పడిపోతుంది, లోపల నట్లు అతికించి వంద గ్రాముల దాకా బరువు తీసుకురా, వంటింటి కాటా మీద తూచుకో.

అసలు ఏదీ కొనకముందు పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో లైన్లు గీసి, అగ్గిపెట్టెలతో ఆడి చూడు. ఖర్చు సున్నా.

పెరంబూర్_పద్దు:
పైన చెప్పినదానికి నేనూ ఓటేస్తా, రెండు మాటలు కలుపుతా. మాది చెన్నై. నేను మొదట కొన్న పట్టాలు స్టీలువి, చౌకగా వచ్చాయని మురిసిపోయా. ఒక్క వానాకాలం! కార్తీకానికి పెట్టె తెరిస్తే పట్టాల మీద గోధుమ రంగు పొడి, ఇంజిన్ జానెడు నడిచి ఆగిపోవడం. నికెల్ సిల్వర్ పట్టాలే కొను తమ్ముడూ. బెంగళూరులో తుప్పు తక్కువే కావచ్చు కానీ దుమ్ము మీకు తక్కువేం కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ మీద వేసి తుడువు, గరుకు కాగితంతో రుద్దావంటే ఆ గీతల్లోకే మురికి చేరుతుంది.

రెండోది, సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ నడవడం చూడకుండా డబ్బు పంపకు. నాకొకాయన ఫొటోలు చూపించి అమ్మాడు, తళతళలాడుతోంది. పట్టా మీద పెడితే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా టక్, టక్ అని ఒక ఎగురు. విప్పి చూస్తే ఇరుసు మీది ప్లాస్టిక్ పళ్ల చక్రానికి వెంట్రుకంత పగులు. అందుకే బాగా నెమ్మదిగా నడుస్తున్న వీడియో అడుగు. వేగంగా పోతే ఏ ఇంజినైనా బాగానే కనపడుతుంది.

గుత్తి రంగు ఇంజినే కావాలంటే: మన రైళ్ల మోడళ్లు తక్కువ సంఖ్యలో చేస్తారు, చాలావాటికి నీ పది వేలు చాలవు. డబ్ల్యూడీఎం-2 అమెరికా ఆల్కో డిజైనే కదా, ఆరు ఇరుసుల అమెరికా ఆల్కో ఏదైనా నడిచే స్థితిలో దొరికితే కొని, పై డొక్కు తర్వాత తీరిగ్గా అట్టతో కట్టుకో. ఆరు ఇరుసులుంటే ఇంకో లాభం, ప్లాస్టిక్ ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటి ముక్క) ఉన్న పాయింట్ మీద చిన్న ఇంజిన్లు కరెంటందక ఆగిపోతాయి, ఇది దాటేస్తుంది.

నేలకి వాడేసిన టీ పొడి చాలు, కానీ బాగా ఎండబెట్టు, నాకు బూజు పట్టింది. కంకరకి జల్లించిన ఇసుక పోసి, ఫెవికాల్ సగం నీళ్లు సగం కలిపి గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేసి చుక్కలుగా పొయ్యి. పాయింట్ కదిలే చోట మాత్రం పొయ్యకు.

మీటర్‌గేజ్:
ఎన్ గురించి ఒక్కరూ చెప్పలేదేం? ఇదే యార్డు 1:160లో మూడడుగుల్లో అయిపోతుంది, బీరువా పైన పెట్టుకోవచ్చు. ఇంకోటి, మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, హెచ్ఓలో 19 దాటాలి, కానీ ఆ పట్టా 16.5 మాత్రమే. ఎలాగూ పక్కాగా ఉండదు.

లూప్‌లైన్:
@మీటర్‌గేజ్ చోటు మాట నిజమే. కానీ అట్టతో వ్యాగన్ కడతాడంటే ఎన్‌లో అది ఏడు సెంటీమీటర్లు కూడా రాదు, దాని పక్కన పసిపిల్లాడి వేళ్లు. ఆ మూడు మిల్లీమీటర్ల తేడా నాకైతే కనపడదు, నీకు కనపడితే నిద్ర పట్టదు, అది నీ ఖర్మ.

గుత్తి_షెడ్డు:
అన్నా, అక్కా, థాంక్స్. నిన్న రాత్రి క్యాలెండర్ వెనక గీశా. అగ్గిపెట్టెలు ఎనిమిది, ఇంజిన్‌కి సబ్బుపెట్టె. మావాడు చీటీలు తీశాడు, 4, 7, 1, 8, 2 వచ్చాయి. నలభై నిమిషాలైనా ఇద్దరం తేల్చలేకపోయాం. పప్పు తాలింపు మధ్యలో మా ఆవిడ వచ్చి కాసేపు నిలబడి చూసి, "ముందా ఏడోదాన్ని పక్క లైన్లోకి తొయ్యండి, నెక్‌లో నాలుగు ఎలా పడతాయి?" అని వెళ్లిపోయింది. నిజమే, నాలుగు పెట్టి కూచున్నాం.

హెచ్ఓ ఖాయం చేశా. పాయింట్లు రెండూ ఈ నెల, ఇంజిన్ వీడియో చూశాకే. పదిలో వెయ్యి అటూ ఇటూ అయితే ఇప్పుడు యుద్ధం రాకపోవచ్చు.