3060 టీఐ: కోర్ 81, హాట్‌స్పాట్ 106. పేస్ట్ మారిస్తే చాలా?

ఓరుగల్లు_ఫ్రేమ్స్

అన్నలూ, నా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 టీఐ, రెండు ఫ్యాన్ల మోడల్. మూడేండ్లు దాటింది, వారంటీ అయిపోయింది. గేమ్ పెట్టిన పావుగంటకు కోర్ (చిప్ వేడి) 81, హాట్‌స్పాట్ (చిప్‌ల అన్నిటికన్న వేడి జాగ) 106 డిగ్రీలు చూపిస్తున్నది. ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌ల తిరుగుతున్నయ్, అయినా క్లాక్ (చిప్ స్పీడ్) 1900 మెగాహెర్ట్జ్ నుంచి 1650 దాక పడిపోతున్నది. రూమ్‌ల 36 డిగ్రీలు. ఇల్లు వరంగల్ల ఏనుమాముల పత్తి మార్కెట్ దగ్గర, క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసే ఉంటది. చిప్‌కూ హీట్‌సింక్‌కూ (వేడి లాగే లోహపు దిమ్మ) నడుమ పూసే పేస్ట్ నేనే మార్చుకుందామనుకుంటున్న. ఏది కొనాలె, ఎంత పెట్టాలె? మెమరీ మీదుండే మెత్తటి థర్మల్ ప్యాడ్లు కూడ మార్చాల్నా?

బెంచ్_మీది_కార్డు

81 చూసి పరేషాన్ కాకు తమ్మీ. రూమ్ 36 ఉన్నప్పుడు కోర్ 81 పెద్ద విషయం కాదు. అదే కార్డు డిసెంబర్‌ల, రూమ్ 24 ఉన్నప్పుడు, ఇంచుమించు 70 దగ్గర ఉంటది. చూడాల్సింది కోర్‌కు, హాట్‌స్పాట్‌కు నడుమ తేడా. మంచిగున్న కార్డుల అది 10 నుంచి 15. నీది 25.

ఈ తేడా ఎందుకు చూడాల్నంటే, దుమ్ము వల్ల వేడెక్కితే రెండు అంకెలూ జోడుగనే పైకి పోతయ్, తేడా అంతగ మారదు. తేడానే పెరిగిందంటే చిప్‌కూ హీట్‌సింక్‌కూ నడుమ ఒకచోట పేస్ట్ లేదన్నట్టు. చిప్ వేడెక్కినప్పుడల్ల వ్యాకోచిస్తది, చల్లారితే ముడుచుకుంటది. చిప్‌ది ఒక లెక్క, హీట్‌సింక్ రాగిది ఒక లెక్క. ఈ కదలికకు పలుచటి పేస్ట్ మెల్లమెల్లగ అంచులకు జరిగిపోతది. దీన్నే పంప్ అవుట్ అంటరు. ప్రాసెసర్ మీద మూత ఉంటది కాబట్టి దానికి ఈ బాధ తక్కువ, గ్రాఫిక్స్ చిప్‌కు మూత ఉండదు.

అయితే మార్కెట్ పక్కన అంటున్నవ్ కాబట్టి పత్తి నూగు కూడ ఉండనే ఉంటది. ఫ్యాన్ల కింద, హీట్‌సింక్ రెక్కల మీద పరుపు లెక్క పేరుకుంటది, బయటికి కనవడది. ఎట్లాగూ విప్పుతున్నవ్ కాబట్టి మెత్తటి బ్రష్‌తోని అది కూడ తియ్యి. పంచర్ దుకాణం కంప్రెసర్ వద్దు, ట్యాంక్‌ల చేరిన నీళ్లు గాలితోని వచ్చి పడతయ్. బ్లోయర్ పెడితే ఫ్యాన్ రెక్కను వేలుతోని ఆపి పట్టుకో, లేకుంటే మోతాదు మించి తిరిగి బేరింగ్ పోతది.

విప్పే వరుస:

1. విప్పే ముందు పది నిమిషాలు గేమ్ నడిపి, మెషీన్ ఆపి, ప్లగ్ పీకు. గోరువెచ్చగ ఉంటే పాత పేస్ట్ తొందరగ వదులుతది.
2. వెనుక దిక్కు చిప్ చుట్టూ నాలుగు స్ప్రింగ్ స్క్రూలుంటయ్. ఎక్స్ ఆకారంల ఒక్కోటి అర చుట్టు చొప్పున వదులు చెయ్యి. మిగతా స్క్రూల పొడుగు వేరే వేరే. కాగితం మీద కార్డు బొమ్మ గీసి, ఏ స్క్రూను ఆ జాగాల టేపుతోని అంటియ్యి.
3. హీట్‌సింక్ రాకుంటే స్క్రూడ్రైవర్ దూర్చి లేపకు. కుడికీ ఎడమకూ కొద్దిగ తిప్పితే వస్తది. వచ్చినంక కూడ దూరం గుంజకు, ఫ్యాన్ వైర్ ఇంకా బోర్డుకే ఉంటది. వైర్ పట్టి కాదు, కనెక్టర్ పట్టి తియ్యి.
4. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడువు, మొబైల్ రిపేర్ సామాను అమ్మేకాడ దొరుకుతది. శానిటైజర్ వాడకు, అండ్ల గ్లిజరిన్ ఉంటది. చిప్ పక్కన ఆవగింజల్లాంటి కెపాసిటర్లుంటయ్, అక్కడ ఇయర్ బడ్‌తోనే పోనియ్యి, గోరు పెట్టి గీకకు.

పేస్ట్ గట్టిది తీసుకో. ఎంఎక్స్-6 లాంటిది పంప్ అవుట్‌ను కొంత ఆపుతది. చిప్ మొత్తం కప్పేటట్టు పలుచగ పూస్తే చాలు, 1 గ్రాము ట్యూబ్‌ల ఇంకా మిగులుతది. మూల ఖాళీ ఉంటే ఆ మూలనే హాట్‌స్పాట్. పేస్ట్ బదులు పూసే లిక్విడ్ మెటల్ మాట ఎత్తకు, అండ్ల కరెంటు పారుతది, అల్యూమినియంను తినేస్తది.

కాజీపేట_కెపాసిటర్

పై ఆయన చెప్పినవన్నీ సరే, పేస్ట్ దగ్గర మాత్రం నాది వేరే మాట. మన ఎండలకు పేస్ట్ కంటే ఫేజ్ చేంజ్ షీటే నయం, హనీవెల్ వాళ్ల పీటీఎం7950 లాంటిది. అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లో సర్దుకుంటుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది, అందుకే అంచులకు జారదు. ఈ చిప్ వైశాల్యం 392 చదరపు మి.మీ. పొడుగూ వెడల్పూ కొలిచి, చుట్టూ ఒక మిల్లీమీటరు ఎక్కువగా కత్తిరించండి. పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ప్లాస్టిక్ పొర చిరగకుండా వస్తుంది. మొదటి రోజు అంకెలు చూసి తిట్టుకోవద్దు, నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాకే అది కుదురుకుంటుంది.

ప్యాడ్ల సంగతి ముఖ్యం. ఈ కార్డులో ఎక్కువగా ఉండేది జీడీడీఆర్6 రకం మెమరీ, దాని వేడి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనబడదు. కాబట్టి అక్కడ అందాజా పని వద్దు. పాతవి చిరగకుండా మెత్తగా ఉంటే వాటినే ఉంచండి. మార్చాల్సి వస్తే చిప్ అచ్చు పడని అంచు దగ్గర వెర్నియర్‌తో మందం కొలవండి. నొక్కుకుపోయిన నడిమి భాగం కొలిస్తే తక్కువ వస్తుంది.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

చేసిన అన్నా. పేస్ట్ ఎంఎక్స్-6, మెమరీకీ వీఆర్ఎంకూ (చిప్‌కు కరెంటు సర్దే భాగం) అన్నిటికీ 2 మి.మీ. ప్యాడ్లు. ఇప్పుడు కోర్ 84, హాట్‌స్పాట్ 111! ముందటికన్నా ఖరాబయింది.

కాజీపేట_కెపాసిటర్

వెంటనే ఆపండి. ప్యాడ్ మందం ఎక్కువైంది. మెమరీ మీది ప్యాడ్లే హీట్‌సింక్‌ను పైకి ఎత్తి పట్టుకున్నాయి, చిప్ మీదికి బరువు దిగడం లేదు. విప్పి పేస్ట్ అచ్చు చూడండి. సరిగ్గా కూర్చుంటే చిప్ నడుమ పేస్ట్ దాదాపు కనబడనంత పలుచగా ఉంటుంది. మందంగా, గీతలు గీతలుగా మిగిలితే ఆనలేదని అర్థం. ఒక పక్కే మందంగా ఉంటే ఆ పక్క ప్యాడ్‌దే తప్పు.

స్క్రూలు ఇంకా బిగిస్తే సరిపోతుందని మాత్రం అనుకోకండి. వాటికి ఆగే గట్టు ఉంటుంది, అది దాటించబోతే బోర్డు వంగుతుంది. మెమరీకీ వీఆర్ఎంకూ ఒకే మందం ఉండాలని లేదు. పాత ముక్కలు పారేయలేదు కదా? రెండు చోట్లవీ విడివిడిగా కొలవండి.

ఓరుగల్లు_ఫ్రేమ్స్

పాతవి డబ్బాలనే ఉన్నయ్. మెమరీవి 1.5, వీఆర్ఎంవి 2. మెమరీవి మార్చి, పేస్ట్ తుడిచి మళ్ల పెట్టిన. అరగంట తర్వాత కోర్ 73, హాట్‌స్పాట్ 86. ఫ్యాన్లు 70 శాతం, క్లాక్ 1890 దగ్గర నిలబడ్డది. గని ఒక చిన్న స్క్రూ మిగిలింది, స్ప్రింగ్ లేనిది.

బెంచ్_మీది_కార్డు

గీసిన బొమ్మల ఏ జాగ ఖాళీగుందో చూడు. బొమ్మ గీయకుంటే బ్యాక్‌ప్లేట్ (కార్డు వెనుక రేకు) అంచు చూడు, లేదంటే స్లాట్ దిక్కు రేకు. ఆ రేకుదైతే తప్పకుండ పెట్టు, కార్డు బరువు మోసేది అదే. ఇగ వేడి ఇంకొంత తగ్గాల్నంటే, ఆఫ్టర్‌బర్నర్‌ల (కార్డు వోల్టేజీ, స్పీడ్ సర్దే సాఫ్ట్‌వేర్) కంట్రోల్, ఎఫ్ కొట్టి, 900 మిల్లీవోల్టుల కాడ క్లాక్ 1800 పెట్టి చూడు. మెషీన్ హ్యాంగయితే 1770కి దింపు. మే నెల ఇంకా మిగిలే ఉంది.