ఎలుక తోలా, ఎలుగు తోలా?

పాతకారు: మా నల్ల కారు బానెట్ ఎండకి తెల్లబారిపోతే రబ్బింగ్ కాంపౌండ్ పట్టుకుని కూచున్నా. ఎంత రుద్దినా ఒక మూల తెల్లగానే ఉంది, అప్పట్నుంచీ వేమన పద్యం నోట్లో ఆడుతోంది గానీ మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నా. బళ్ళో చదివింది "ఎలుక తోలు దెచ్చి యేడాది యుతికిన". మా నాన్న మాత్రం ఎప్పుడూ "ఎలుగు తోలు" అనేవాడు. ఏది సరి?

కడపోడు: ఎలుగే. ఎలుక ఎక్కడన్నా నల్లగా ఉంటుందా, బూడిద రంగు. ఎలుగుబంటిదే అసలు నలుపు.

నిఘంటుపురుగు: మన ఇళ్ళ కప్పుల్లో తిరిగేదాన్ని శాస్త్రవేత్తలు కూడా నల్ల ఎలుక అనే అంటారు, కాబట్టి రంగు సాక్ష్యం చెల్లదు. పైగా ఎలుక తోలు ఎంతుంటుంది, అరచేతికి సరిపోదు. అంత ముక్కని ఏడాది పాటు ఉతకడంలోనే ఉంది వెటకారమంతా.

ఆటవెలది: ఛందస్సు దీన్ని తేల్చదు. ఎలుక, ఎలుగు రెండూ నగణమే, అంటే మూడూ లఘువులే; యేడాదితో యతి, అంటే మొదటి అక్షరాల పొత్తు, రెండింటికీ కుదురుతుంది. కానీ రెండో పాదంలో చాలామంది "నలుపే" అని దీర్ఘం తీస్తున్నారు, అది భరించలేను. "నలుపు నలుపె గాని తెలుపు రాదు". దీర్ఘం పెడితే ఆ పాదానికి కావాల్సిన సూర్యగణం చెడింది. నలుపు, తెలుపు రెండో అక్షరం కలిసే ప్రాసయతి.

కడపోడు: అది ఎవరూ అడగలేదు మాస్టారూ.

పలుకుతేనె: ఎలుగు అంటే గొంతు కూడా కదండీ, ఎలుగెత్తి పిలవడం అంటాం. మూడో పాదంలో "కొయ్యబొమ్మ దెచ్చి కొట్టిన పలుకునా" అని వస్తోంది. ఎలుగూ పలుకూ కావాలనే జత చేశాడేమో.

నిఘంటుపురుగు: అమ్మా, ఈయన వేమన. ఒక మాటకి రెండర్థాలు పలికించే అంత శ్లేష కావాలంటే పింగళి సూరన దగ్గరకి వెళ్ళాలి.

పలుకుతేనె: "తళుకు బెళుకు రాళ్ళు తట్టెడేల" రాసినాయనకి మాటలతో ఆడుకోవడం రాదంటారా? ఆ తకారాలు చదువుతుంటే తట్టలో రాళ్ళు దొర్లినట్టే ఉంటుంది నాకు.

షెడ్డుబాబాయ్: పద్యం మీరు చూసుకోండి గానీ, తమ్ముడూ, ముందు ఆ రుద్దుడు ఆపు. ఆ తెల్ల మూల అంచు గోరుకి తగులుతోందా? తగిలితే అది వెలిసిన రంగు కాదు, పైనున్న క్లియర్ కోట్ ఊడిపోతోంది. దానికి ఏ పాలిషూ పనిచెయ్యదు, ఆ బానెట్ మళ్ళీ పెయింట్ చేయించాల్సిందే. క్లియర్ కోట్ మందం మామూలుగా 40–50 మైక్రాన్లే, కాంపౌండ్ పెట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది. గుడ్డకి నలుపు అంటిందంటే అసలు రంగు దాకా వెళ్ళిపోయినట్టు. బాగున్న డోర్లకి మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు: కార్ షాంపూతో కడిగి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) జారేలా తడిపి రుద్ది, నీడలో రేకు చల్లగా ఉన్నప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో కొంచెం కొంచెంగా పాలిష్ పెట్టి, పైన వాక్స్. అంట్లు తోమే సబ్బు వాడితే ఆ వాక్స్ కాస్తా పోతుంది. బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే మచ్చలు పడతాయి, వెంటనే తుడిచెయ్.

పాతకారు: తగులుతోంది బాబాయ్.

కడపోడు: అంటే ఇక్కడ నలుపే తెలుపైంది. వేమన కారు కొనలేదు కాబట్టి సరిపోయింది.

పాతకారు: సరే, బానెట్ షెడ్డుకి పంపిస్తా. ఇంతకీ ఎలుకా, ఎలుగా?

నిఘంటుపురుగు: ఒక్క ప్రతి చూసి చెప్పే విషయం కాదది. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేసింది తాటాకు ప్రతులు పోగేసుకునే. అంతకంటే ముందు తేలాల్సింది చివరి మాట, "తెలుపు రాదు"నా, "తెలుపు కాదు"నా? రాదు అంటే ఎంత ఉతికినా తెల్లదనం పైకి తేలదని, కాదు అంటే నలుపు తన గుణం మార్చుకోదని. రెండూ ఒకటి కావు.

ఆటవెలది: రెండూ హగణమే, ఒక గురువు, ఒక లఘువు.