ఒకే కాన్వాస్‌లో మూడు సీన్లు గీస్తే చివరిదే కనిపిస్తోంది

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ నమస్తే. మా పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు, చేపలు చేస్తారు కదా, ఇక్కడి తెలుగు పిల్లల కోసం ఆ బొమ్మల్ని త్రీడీలో చూపించే పేజీ చేస్తున్నాను. విండో ఒక్కటే. ఎడమవైపు కొంగ, కుడివైపు మహేంద్రగిరి కొండ, కొండ మీదే ఒక మూలకి చిన్న మ్యాప్. బ్రౌజర్‌లో త్రీడీ బొమ్మలు గీసే త్రీ జేఎస్ లైబ్రరీ వాడుతున్నాను. ముందు మూడు కాన్వాస్‌లు (పేజీలో బొమ్మ గీసే చోట్లు) పెడితే పాత ఫోన్‌లో బాగా నత్తనడక నడిచింది, అందుకని ఒకే రెండరర్‌తో (సీన్‌ని కాన్వాస్ మీద గీసేది) సెట్‌వ్యూపోర్ట్ మార్చుకుంటూ మూడు సీన్లూ వరసగా గీస్తున్నాను. చివర గీసిన మ్యాప్ తప్ప ఏదీ మిగలడం లేదు! గీసే ముందు పాతది తుడిచే ఆటోక్లియర్‌ని ఫాల్స్ చేసినా అంతే. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

గుణుపురం మాష్టారు:
తమ్ముడూ, వ్యూపోర్ట్ అనేది బొమ్మ ఎక్కడ పడాలో చెబుతుంది అంతే, తుడవడానికి దానితో సంబంధం లేదు. క్లియర్ చేసినప్పుడు కాన్వాస్ మొత్తం తుడిచేస్తుంది, నువ్వు వ్యూపోర్ట్ ఎంత చిన్నది పెట్టినా సరే. క్లియర్‌ని ఒక భాగం దాటకుండా ఆపేది సిజర్ (కత్తిరింపు హద్దు) ఒక్కటే. సెట్‌సిజర్‌టెస్ట్ ట్రూ చేసి, ప్రతి సీన్‌కీ వ్యూపోర్ట్‌కి ఇచ్చిన నాలుగు అంకెలే సెట్‌సిజర్‌కీ ఇచ్చి గీయి. ఆటోక్లియర్ ట్రూగానే ఉంచు, మ్యాప్‌ని చివర్లో గీస్తే ఆ మూల వరకు రంగూ, డెప్తూ (ఏది ముందుందో ఏది వెనకుందో చెప్పే లెక్క) రెండూ తుడుస్తుంది కాబట్టి కొండ దానికి అడ్డం రాదు.

రాయగడ అక్క:
సీన్ బ్యాక్‌గ్రౌండ్‌కి రంగు పెట్టావా? అలా పెడితే ఆటోక్లియర్ ఫాల్స్ అయినా త్రీ జేఎస్ తుడిచే గీస్తుంది. నేనూ దీని దగ్గరే ఒక పూటంతా పోగొట్టుకున్నాను. ఇంకోటి, ఇక్కడ వై (నిలువు కొలత) కింది అంచు నుంచి మొదలవుతుంది, బ్రౌజర్ డివ్‌ల (పేజీలోని పెట్టెల) కొలతలు పైనుంచి ఇస్తుంది, కాబట్టి కాన్వాస్ ఎత్తులోంచి డివ్ అడుగు అంకె తీసేయాలి. కాన్వాస్‌లు ఎక్కువ పెట్టే పద్ధతికి మాత్రం మళ్లీ వెళ్లకు, ఒక్కో రెండరర్‌కీ వేరే వెబ్‌జీఎల్ కాంటెక్స్ట్ (బ్రౌజర్‌లో త్రీడీ గీయడానికి ఇచ్చే చోటు) కావాలి, డెస్క్‌టాప్ క్రోమ్‌లోనే 16 దాటితే పాతది పోతుంది, పైగా ఒకే టెక్స్చర్‌ని (బొమ్మ మీద అతికే చిత్రం) ప్రతి దాంట్లోకీ మళ్లీ ఎక్కించాలి.

పర్లాకిమిడి కుర్రాడు:
వచ్చేసింది మాష్టారూ! అక్కా, మీరు అనుమానించినట్టే మూడు సీన్లకీ ముందే రంగు పెట్టి ఉంచాను. కానీ కొంగ అడ్డంగా సాగిపోయి బాతులా ఉంది, దాన్ని క్లిక్ చేస్తే పేరు కూడా రావడం లేదు.

గుణుపురం మాష్టారు:
కెమెరా యాస్పెక్ట్ ఇంకా మొత్తం కాన్వాస్‌దే ఉండి ఉంటుంది. ఏ భాగానికి ఆ భాగం వెడల్పుని ఎత్తుతో భాగించి పెట్టు, తర్వాత అప్‌డేట్‌ప్రొజెక్షన్‌మ్యాట్రిక్స్ పిలవడం మరిచిపోకు, పిలవకపోతే మార్పు పట్టదు. క్లిక్‌కీ అదే సంగతి: మౌస్ స్థానాన్ని కాన్వాస్ మొత్తంతో కాదు, కొంగ ఉన్న భాగం ఎడమ, పై అంచుల నుంచి లెక్కేసి మైనస్ 1 నుంచి 1 మధ్యకి తెచ్చి, ఆ సీన్ కెమెరాతోనే రేకాస్టర్‌కి (క్లిక్ ఏ బొమ్మ మీద పడిందో కనిపెట్టేది) ఇవ్వాలి. పేజీ అయ్యాక లింకు పెట్టు, మా బడి పిల్లలకీ చూపిస్తాను.