ఆపరేషన్ థియేటర్ (ఓటీ) సీలింగ్‌లో బూజు. స్వాబ్ రిపోర్టు మాత్రం ‘నో గ్రోత్’. కేసులు చేయొచ్చా?

ఓటీ సిస్టర్, కడప:

అందరికీ నమస్కారం. నేను కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఓటీ ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. మాకు రెండు థియేటర్లు. పెద్దదాంట్లో ఆర్థో, జనరల్ సర్జరీ చేస్తారు. చిన్నదాంట్లో సిజేరియన్లు, గైనిక్ కేసులు. సమస్య పెద్దదాంట్లోనే.

నవంబర్ వానలకు మిద్దె మీద నీళ్లు నిలిచినాయి. అనస్థీషియా మిషన్ పెట్టే మూలలో ఫాల్స్ సీలింగ్ మీద లేత గోధుమరంగు మచ్చ పడింది. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి దాని మీద తెల్ల పెయింటు వేసి పోయినారు. ఇప్పుడు అదే చోట పెయింటు కింద నుంచి నల్లగా చుక్కలు చుక్కలుగా లేచింది. ఏసీ గ్రిల్ అంచుకు కూడా అదే నలుపు. పొద్దున తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. అంతా తుడిచి స్పిరిట్ కొట్టినా ఆ వాసన అడుగున అట్లనే ఉంటుంది.

మేనేజ్‌మెంటుకు రాసిచ్చినాను. వాళ్లు క్రిములు చావడానికి ఫార్మలిన్ ఆవిరి పెట్టించి, స్వాబ్‌లు (దూదిపుల్లతో రుద్ది తీసిన శాంపిళ్లు) ల్యాబ్‌కు పంపించినారు. రెండో రోజుకే రిపోర్టు వచ్చింది. టేబుల్, లైటు, ట్రాలీ, గోడ అన్నిటికీ ‘నో గ్రోత్’, అంటే ఏ క్రిమీ పెరగలేదని. ఇంక ఏముంది సిస్టర్, ఆపరేషన్ల లిస్టు ఆపితే సర్జన్లు వేరే ఆసుపత్రికి పోతారు అంటున్నారు. ఒకరైతే కడప ఎండలకు బూజు బతుకుతుందా, అదంతా కోస్తా వాళ్ల బాధ అనేసినారు.

వచ్చే వారం మోకాలి చిప్ప మార్పిడి కేసు ఉంది. పెద్దామె, చాలా ఏళ్లుగా షుగర్. ప్రీ-ఆప్ చెకప్‌కు వచ్చినప్పుడు ఆమె కూతురు నా చేయి పట్టుకొని మాయమ్మను జాగ్రత్తగా చూసుకోండి అనింది. రిపోర్టు చేతిలో ఉన్నా ఆ కేసుకు టేబుల్ సర్దడానికి నాకు మనసొప్పడం లేదు. నేను మరీ ఎక్కువ భయపడుతున్నానా? లేకపోతే ఆ రిపోర్టునే నమ్మకూడదా? మేనేజ్‌మెంటు ముందు ఏమని వాదించాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఓటీ టెక్నీషియన్, ఆదోని:

సిస్టర్, మా దగ్గర ఏళ్లుగా శనివారం రాత్రి ఫార్మలిన్, పర్మాంగనేట్ పెట్టి ఆదివారమంతా మూసేస్తాం. సోమవారం తెరిచి అమ్మోనియా పెట్టి, తుడుచుకొని లిస్టు మొదలుపెడతాం. మీరు ఆ నల్లమచ్చను హైపోతో (బ్లీచింగ్ ద్రావణం) గట్టిగా రుద్ది, ఇంకోసారి ఫార్మలిన్ పెట్టండి. దానికే పోతుంది. రిపోర్టు బాగుంది కాబట్టి అంత దిగులు పడాల్సిన పని లేదని నా అభిప్రాయం.

మైక్రోబయాలజీ, కర్నూలు:

సిస్టర్, ఆ మోకాలి కేసు ఆ థియేటర్లో చేయనివ్వద్దు. మీ భయం ఎక్కువేమీ కాదు, సరైనదే.

రిపోర్టు రెండో రోజుకే వచ్చిందన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. బ్యాక్టీరియా కోసమైతే క్రిములను పెంచే బ్లడ్ అగార్ ప్లేటు 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి 24 నుంచి 48 గంటల్లో చదివేస్తాం. ఫంగస్ (బూజు) దారి వేరు. దానికి సాబరో అగార్ కావాలి, 25 నుంచి 28 డిగ్రీలు కావాలి, ఓపిక కావాలి. ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ లాంటిది రెండు మూడు రోజులకే కనబడొచ్చు. కానీ ‘లేదు’ అని సంతకం పెట్టాలంటే కనీసం వారం ఆగాలి, నెమ్మదిగా పెరిగేవాటికి రెండు వారాలైనా చూడాలి. మా ల్యాబ్‌కు వచ్చే ఓటీ స్వాబ్‌ల ఫారం మీద ఫంగల్ కల్చర్ అని ఎవరూ రాయరు. రాయకపోతే ఆ ప్లేటే పెట్టరు. మీ ల్యాబ్‌కు ఫోన్ చేసి ఏ మీడియా (ఏ అగార్) వాడినారు, ఎంత వేడిలో పెట్టినారు, ఎన్ని రోజులు ఉంచినారు అని అడగండి. స్వాబ్ ఫార్మలిన్‌కు ముందు తీసినారా, తర్వాత తీసినారా అనేది కూడా తేల్చుకోండి. టేబుల్ మీద, లైటు మీద తీసిన స్వాబ్ సీలింగ్ వెనక ఏముందో ఎప్పటికీ చెప్పదు.

అసలు కంటికి నల్లగా కనబడుతున్నప్పుడు కల్చర్‌తో పనేముంది? కారణం లేకుండా ఊరికే గాలికి, గోడలకు కల్చర్లు చేస్తూ పోవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2003 మార్గదర్శకాల్లోనే ఉంది. మన దగ్గర మాత్రం నెలనెలా స్వాబ్ పంపడం, ఫైల్లో పెట్టడం. ఆ ఫైలు చూపించి తడిసిన సీలింగ్‌ను మరిచిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆస్పర్జిల్లస్ స్పోరు (బూజుకు విత్తనం లాంటిది) 2 నుంచి 3.5 మైక్రాన్లు ఉంటుంది. అంత చిన్నది కాబట్టి ఒకసారి గాలిలోకి లేస్తే గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. మనమంతా రోజూ పీల్చుకునేదే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు. తెరిచిన కీలులో, కొత్తగా పెట్టిన లోహం మీద పడితే మాత్రం కథ మారిపోతుంది. ఇట్లాంటి ఇన్‌ఫెక్షన్ అరుదే, నేను కాదనను. కానీ వచ్చిందంటే మందులతో లొంగడం కష్టం, చాలాసార్లు ఇంప్లాంటే తీసేయాల్సి వస్తుంది. పైగా వారాలకో నెలలకో బయటపడుతుంది. అప్పటికి థియేటర్ సీలింగ్ ఎవరికి గుర్తుంటుంది? 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం మన జిల్లాల వాళ్లు ఎన్ని ఊళ్లు తిరిగినారో మీరూ చూసి ఉంటారు. అప్పుడు ఎక్కువగా నలిగింది షుగర్ ఉన్నవాళ్లే.

మేనేజ్‌మెంటుకు ఒక సంగతి చెప్పండి. సియాటెల్ చిల్డ్రన్స్ హాస్పిటల్ అమెరికాలో పేరున్న పిల్లల ఆసుపత్రి. 2019లో అక్కడ ఆస్పర్జిల్లస్ వల్ల థియేటర్లు మూసేయాల్సి వచ్చింది. 2001 నుంచి 14 మంది పిల్లలకు అది సోకిందని, వాళ్లలో 6 మంది చనిపోయారని ఆ నవంబర్లో ఆసుపత్రే బయటికి చెప్పింది. థియేటర్లకు గాలి పంపే యూనిట్లలోనే లోపం. అన్నేళ్లూ ఆ కేసులను దేనికది విడి కేసుగా చూసినారు. అంత డబ్బు, అంత సిబ్బంది ఉన్నచోటే గాలి యూనిట్ సంగతి తెలియడానికి అన్నేళ్లు పట్టింది.

ఆదోని తమ్ముడూ, నీ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఫాల్స్ సీలింగ్‌కు వాడే జిప్సమ్ బోర్డు మీద ఉండేది కాగితం. బూజుకు అదే తిండి. ఫార్మలిన్ ఆవిరి పైపైన చంపుతుంది, బోర్డు లోపలికి దిగదు, తడిని ఆరబెట్టదు. తడి ఉన్నన్నాళ్లూ మళ్లీ లేస్తుంది. హైపోతో రుద్దితే ఇంకా ప్రమాదం, ఆ రుద్దుడుకు స్పోర్లు గదంతా లేస్తాయి. ఇంకో మాట. ఫార్మలిన్‌లోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2004లోనే తేల్చింది. సోమవారం పొద్దున ఆ తలుపు తీసేది నువ్వే కదా, నీ ఊపిరితిత్తుల గురించి కూడా ఆలోచించు.

తడిసిన బోర్డును 2, 3 రోజుల్లో ఆరబెట్టలేకపోతే తీసి పారేయాల్సిందే. మీది నవంబర్ నుంచి తడిసింది. పెయింటుతో, మందుతో బాగుపడే దశ ఎప్పుడో దాటిపోయింది.

ఆసుపత్రి ఏసీ పనులు, అనంతపురం:

మేడమ్ రోగం సంగతి చెప్పినారు. నేను గాలి సంగతి చెప్తా.

ఎండ సీమలో బూజు రాదనే మాట నేను కూడా చాలాచోట్ల విన్నాను. అనంతపురం కంటే కరువు జిల్లా ఏముంటుంది, ఇక్కడే థియేటర్ డక్టులు (ఏసీ గాలి పోయే రేకు గొట్టాలు) విప్పితే చుట్టూ నల్లగా పట్టింది చూసినాను. బయట ఎండ ఎంతుందనేది లెక్క కాదు. చల్లటి దాని మీదికి తేమ గాలి తగిలితే నీళ్లు పడతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట చెమర్చినట్టు. వానల రోజుల్లో గాలి 32 డిగ్రీలు, తేమ 70 శాతం ఉందనుకోండి. 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ రేకైనా చెమరుస్తుంది. మీ డక్టులో గాలి 15 డిగ్రీల దరిదాపుల్లో పోతుంటుంది. దాని మీది ఇన్సులేషన్ ఒక్కచోట చిరిగినా చాలు, ఫాల్స్ సీలింగ్ మీద చుక్క చుక్క పడుతూనే ఉంటుంది. కాబట్టి సిస్టర్, మిద్దె లీకేజీ ఒక్కటే అని తీర్మానించుకోవద్దు. గ్రిల్ అంచు కూడా నల్లగా ఉందంటే నాకు డక్టు మీదే అనుమానం. వాన లేని రోజు కూడా ఆ మూల తడిగా ఉంటే తప్పు డక్టుదే. డ్రెయిన్ ట్రేలో నీళ్లు నిలిచి ఉన్నాయా అనేది కూడా చూపించండి.

సాయంత్రం లిస్టు అయిపోతూనే కరెంటు బిల్లు అని ఏహెచ్‌యూ (థియేటర్‌కు గాలి పంపే యూనిట్) మొత్తం ఆపేసే ఆసుపత్రులు నాకు చాలా తెలుసు. రాత్రంతా తేమ లోపలే కూర్చుంటుంది. కేసులు లేని వేళల్లో కూడా బ్లోయర్ తిరుగుతూనే ఉండాలని ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ చెప్తుంది. స్పీడు తగ్గించుకోవచ్చు కానీ ఆపకూడదు. గంటకు 20 సార్లు గది గాలి మారాలి, అందులో 4 సార్లు బయటి తాజా గాలి రావాలి. తేమ 60 శాతం దాటకూడదు. లోపలి ఒత్తిడి పక్క గది కంటే 2.5 పాస్కల్ ఎక్కువ ఉండాలి. దీనికి మీటరు లేకపోతే తలుపు మూసి, కింది సందు దగ్గర పల్చటి టిష్యూ పట్టుకోండి. బయటికి ఊగాలి. లోపలికి లాగిందంటే కారిడార్ దుమ్మంతా మీ టేబుల్ మీదికే వస్తున్నట్టు. తేమ మీటరు మూడు నాలుగు వందలకు దొరుకుతుంది, ఒకటి కొని గోడకు తగిలించి పొద్దున సాయంత్రం రాసిపెట్టండి. మేనేజ్‌మెంటుకు మాటల కంటే ఆ పుస్తకం బాగా అర్థమవుతుంది. స్ప్లిట్ ఏసీ పెట్టి నడుపుతుంటే మాత్రం ముందు దాన్ని తీయించండి. అది ఉన్న గాలినే తిప్పుతుంది, తాజా గాలి తేదు. ఓటీలో స్ప్లిట్, విండో ఏసీలు వద్దని అదే ఎన్‌ఏబీహెచ్ స్పష్టంగా రాసింది.

బోర్డు తీసేటప్పుడు ఏహెచ్‌యూ ఆపి, గ్రిల్స్ ప్లాస్టిక్‌తో మూసి, తలుపులకు టేపు వేయాలి. బోర్డు మీద నీళ్లు చిలకరించి మెల్లగా విప్పి, లోపలే సంచిలో కట్టి, పేషెంట్లు పోయే దారిలో కాకుండా బయటికి తేవాలి. పనివాళ్లకు ఎన్95, కళ్లద్దాలు ఇవ్వండి. మళ్లీ జిప్సమే పెట్టొద్దు. లీకేజీ, డక్టు బాగుచేయకుండా కొత్త సీలింగ్ కొడితే డబ్బు దండగ.

ఓటీ సిస్టర్, కడప:

మేడమ్, అన్నా, మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ల్యాబ్‌కు ఫోన్ చేసినాను. మీరన్నట్టే ఫంగస్ ప్లేటు పెట్టలేదు. స్వాబ్‌లు తీసింది కూడా ఫార్మలిన్ పెట్టిన మరుసటి పొద్దునే. సీలింగ్ ఫోటో, ఈ విషయం రెండూ ఆర్థో సార్‌కు చూపించినాను. ఆయన చూస్తూనే ఆ కేసు వాయిదా వేస్తానన్నారు. పెద్దామె కూతురికి ఆయనే ఫోన్ చేసి చెప్పినారు. మేనేజ్‌మెంటు ఇంకా ఒప్పుకోలేదు, మచ్చ ఉన్న ఆ ఒక్క బోర్డు మారుస్తాం చాలు అంటున్నారు.

ఇంకొక్క అనుమానం. చిన్న థియేటర్లో సిజేరియన్లు ఆపలేం కదా, అర్ధరాత్రి వస్తారు. అది నడిపించొచ్చా? మా స్టెరైల్ డ్రమ్ములు (క్రిములు లేకుండా చేసిన ప్యాకులు ఉండేవి) పెట్టే గది కూడా ఈ పెద్ద థియేటర్‌ను ఆనుకునే ఉంది.

ఆసుపత్రి ఏసీ పనులు, అనంతపురం:

రెండింటికీ ఏహెచ్‌యూ ఒకటేనా, వేర్వేరా? ఒకటే అయితే రిటర్న్ గాలి కలిసిపోతుంది, అప్పుడు రెండూ ఒక గది కిందే లెక్క. వేర్వేరు అయితే పని జరిగినన్ని రోజులు మధ్య తలుపు ప్లాస్టిక్‌తో సీలు చేసి చిన్నది నడుపుకోవచ్చు. ముందు టిష్యూ పరీక్ష దానికీ చేయండి.

మైక్రోబయాలజీ, కర్నూలు:

డ్రమ్ములను ఈ రోజే వేరే పొడి గదికి మార్చండి. ముట్టుకుంటే చెమ్మగా తగిలిన ప్యాక్ ఏదైనా స్టెరైల్ కాదు, ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరైల్ చేసే మిషన్) తేదీ ఎంత కొత్తదైనా సరే, మళ్లీ అందులో వేయాల్సిందే. ఒక్క బోర్డు మారుస్తామనే మాటకు ఒప్పుకోకండి, పక్క బోర్డులు విప్పి వెనక వైపు చూపించమనండి. పనయ్యాక పైనుంచి కింది దాకా తడిబట్టతో తుడిచి, ఏహెచ్‌యూ నడిపించి, అప్పుడు గాలి శాంపిల్ తీద్దాం. ఈసారి ఫారం మీద ఫంగల్ కల్చర్ అని రాయండి. బయటి గాలి శాంపిల్ కూడా ఒకటి తీయించండి, పోల్చి చూడటానికి. మీ ఆర్థో సార్ ఒప్పుకున్నారు కాబట్టి మేనేజ్‌మెంటుకు ఇచ్చే లెటర్ మీద ఆయన సంతకం కూడా పెట్టించండి, తేదీ వేసి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.