డబ్ల్యూటీఓలో చేరితే దేశం ఎదుగుతుందా? పలాస జీడిపిక్కల దగ్గర మొదలైన వాదన

సోంపేట స్టూడెంట్:
కాలేజీ వక్తృత్వ పోటీకి ఇచ్చిన ప్రశ్న ఇది: ప్రపంచ వాణిజ్య సంస్థలో (డబ్ల్యూటీఓ) చేరితే దేశానికి ఆర్థిక వృద్ధి వస్తుందా? నేను వస్తుందనే పక్షం. చైనా 2001 డిసెంబర్‌లో చేరింది. ఆ తర్వాత దాని ఎగుమతులు ఎలా పెరిగాయో అందరూ చూశారు. ఇంకేం రుజువు కావాలి?

కాశీబుగ్గ జీడి:
తమ్ముడూ, చైనా సంగతి సరే, మరి మన సంగతో? ఆ సంస్థ 1995లో పుట్టింది, మొదటి రోజు నుంచీ మనం సభ్యులం. దానికి ముందు దేశాల మధ్య సుంకాలు, వ్యాపారం గురించి ఉన్న గాట్ ఒప్పందంలోనూ 1948 నుంచీ ఉన్నాం. అయినా 1991 దాకా దిగుమతి లైసెన్సులు, భారీ సుంకాలు అలాగే నడిచాయి. సభ్యత్వమే మందైతే అన్నేళ్లూ ఎందుకు పనిచెయ్యలేదు?

నాకు తెలిసిన సరుకు గురించి చెప్తాను. వియత్నాం చేరింది 2007 జనవరిలో. జీడిపప్పు ఎగుమతిలో మనల్ని అంతకు ముందే దాటేసింది. వాళ్లు మిషన్లు పెట్టుకున్నారు. ఇక్కడ మా అమ్మ ఇరవై ఏళ్లు చేత్తోనే పిక్కలు కొట్టింది. కాలితో లివర్ తొక్కి, పగిలిన పిక్కలోంచి సూదితో పప్పు తీసేది. జీడి సొనకి వేళ్లు నల్లబడి తోలు ఊడేది. బూడిద రాసుకుని మళ్లీ కూర్చునేది. పప్పు విరిగితే కూలి తగ్గేది.

ఇప్పుడు మాకూ మిషన్లు వచ్చాయి. ఊరి పంట చాలక ఆఫ్రికా పిక్కలు తెప్పిస్తున్నారు. దాంతో ఫ్యాక్టరీకి పని దొరుకుతోంది, ఉద్దానం రైతుకేమో 80 కిలోల బస్తా ధర పడిపోతుందని టెన్షన్.

విజయనగరం జూట్:
అన్నయ్యా, ఒక మాట వదిలేశారు. చైనా పదిహేనేళ్లు, వియత్నాం పన్నెండేళ్లు బేరాలాడితే గానీ లోపలికి రానివ్వలేదు. అన్నేళ్లూ చట్టాలు మార్చుకుంటూ, సుంకాలు తగ్గించుకుంటూ వచ్చాయి. ఆ ఒత్తిడి సంస్థదే కదా! మనం మొదటి నుంచీ ఉన్నాం కాబట్టి ఆ పరీక్ష రాయలేదు.

మా నాన్న పనిచేసిన జూట్ మిల్లు మూతపడినప్పుడు అందరూ బయటి సరుకునే తిట్టారు. కానీ బంగ్లాదేశ్ జూట్ సరుకు మీద 2017లో కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం వేసింది, అంటే మరీ చవగ్గా తెచ్చి పోసే బయటి సరుకు మీద వేసే అదనపు పన్ను. అలా వేసుకునే హక్కు ఆ సంస్థ నిబంధనల్లోనే ఉంది.

కాశీబుగ్గ జీడి:
పరీక్ష మాట ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. సోంపేట తమ్ముడూ, స్పీచ్‌లో 'చేరినందుకు పెరిగింది' అనకు, 'చేరడం కోసం మారింది, అందుకే పెరిగింది' అను. ఉద్దానం రైతు సంగతి మాత్రం వదలకు. వీలైతే పోటీకి ముందు ఒకసారి మా ఫ్యాక్టరీకి రా, పిక్క ఎలా కొడతారో చూద్దువు.