‘వెనకబడటం’ అనడానికి ఇంగ్లీషులో సరైన మాట ఏది? అర్జెంట్

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ: నమస్కారమండి. రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, పన్నెండు దాటింది. నాలుగు లైన్ల లెటర్ తెగడం లేదు. ‘వెనకబడటం’ అన్నదానికి ఇంగ్లీషులో ఏం రాయాలి? డిక్షనరీలో ల్యాగ్, డిలే, స్లో, రిటార్డ్, బ్యాక్‌వర్డ్ అని వరసగా ఉన్నాయి. ఏది పెట్టినా మళ్లీ చదివితే తేడాగా అనిపిస్తోంది. ఇప్పటికి మూడు కాగితాలు చింపేశాను. పొద్దున ఎనిమిదింటికల్లా ఇవ్వాలి. ఎవరైనా మెలకువగా ఉంటే చెప్పండి.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్: మేడమ్, ప్రాజెక్ట్ గురించా, సిస్టమ్ గురించా? రెండింటికీ మాటలు వేరు. పని అనుకున్న తేదీకి అవ్వకపోతే ‘బిహైండ్ షెడ్యూల్’. సిస్టమ్ సంగతైతే ల్యాగ్, లేటెన్సీ. ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. లేటెన్సీ అంటే డేటా ఇక్కడి నుంచి అక్కడికి చేరడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో కొలుస్తాం. ల్యాగ్ అంటే దాని వల్ల వాడేవాళ్లకి కనిపించే ఆలస్యం. మా టీమ్‌లో కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి వారమే ఇది చెప్తాను. క్లయింట్‌కి రాసే మెయిల్‌లో ఒకదాని బదులు ఇంకోటి రాస్తే తప్పు ఎక్కడుందో వెతకడానికే రెండు రోజులు పోతాయి.

ఉప్పల్ వాసి: ఫాల్ బిహైండ్.

నల్లకుంట రిటైర్డ్ లెక్చరర్: పై సోదరుడు లేటెన్సీ అన్నారు కాబట్టి ఒక మాట. చాలామంది అది ‘లేట్’ నుంచి వచ్చిందనుకుంటారు. సంబంధమే లేదు. లేటెన్సీకి మూలమైన లాటిన్ మాటకి అర్థం దాగి ఉండటం. ‘లేట్’ పాత ఇంగ్లీషు మాట, మొదట్లో దాని అర్థం నెమ్మది అనే. ‘రిటార్డ్’ లాటిన్‌లో నెమ్మది అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, ‘టార్డీ’ కూడా దాని చుట్టమే. ‘బ్యాక్‌లాగ్’ అయితే అసలు కట్టె! చలిమంట పొయ్యిలో వెనకవైపు పెట్టే పెద్ద దుంగ. 17వ శతాబ్దం నాటి మాట. తర్వాత తర్వాత పేరుకుపోయిన పనికి ఆ పేరు వచ్చింది.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్: సార్, మా ఇంజినీరింగ్‌లో బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టే. దుంగ సంగతి ఇప్పుడే తెలిసింది.

కొత్తపేట: మా తమ్ముడు చెన్నైలో చదివాడు, అక్కడ దాన్నే ఎరియర్స్ అంటారు. మన దగ్గర ఎరియర్స్ అంటే డీఏ ఎరియర్స్, అంటే రావాల్సిన డబ్బు. మేడమ్, అవి రాయకండి, గందరగోళం అవుతుంది.

బర్కత్‌పురా పాఠకుడు: ఇదే చర్చలో అడుగుతున్నాను. పేపర్లో మందగమనం, మాంద్యం రెండూ కలిపేస్తున్నారు. స్లోడౌన్‌కి మాంద్యం అని హెడ్డింగ్ పెడుతున్నారు. తప్పు కదా?

నల్లకుంట రిటైర్డ్ లెక్చరర్: తప్పే. మందగమనంలో బండి ముందుకే పోతుంది, వేగం తగ్గుతుంది. మాంద్యంలో వెనక్కి పోతుంది. వరసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గితే మాంద్యమనడం మామూలు లెక్క. 2020-21లో మొదటి రెండు త్రైమాసికాల్లో మన దగ్గర జరిగింది అదే.

బర్కత్‌పురా పాఠకుడు: రెండు త్రైమాసికాలన్నది వాడుక మాత్రమే సార్, నిబంధన కాదు. అమెరికాలో అయితే ఒక కమిటీ కూర్చుని ఉపాధి, ఆదాయం అన్నీ చూసి చెప్తుంది.

నల్లకుంట రిటైర్డ్ లెక్చరర్: నేనూ మామూలు లెక్క అనే అన్నాను. ఒకసారి మళ్లీ చదవండి.

సికింద్రాబాద్ స్పెషల్ ఎడ్యుకేటర్: అందరూ ఒక్క నిమిషం ఆగండి. అమ్మా, వెనకబడింది ఎవరు? పనా, మనిషా?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ: అయ్యో, రాయలేదా? మా బాబండి. ఏడో తరగతి. డెంగీ వచ్చి మూడు వారాలు స్కూలుకు పోలేదు. లెక్కల్లో వెనకబడ్డాడు. ఎస్‌ఏ-1 పరీక్షలు దగ్గర పడ్డాయి, కొంచెం టైమ్ ఇవ్వమని క్లాస్ టీచర్‌కి రాస్తున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్న కాగితంలో ‘మై సన్ ఈజ్ రిటార్డెడ్ ఇన్ మ్యాథ్స్’ అని ఉంది.

సికింద్రాబాద్ స్పెషల్ ఎడ్యుకేటర్: అది ఇవ్వకండమ్మా, దయచేసి. డిక్షనరీ తప్పు చెప్పలేదు. సిమెంటు త్వరగా గట్టిపడకుండా జిప్సం కలపడాన్ని చెప్పడానికి ఆ మాట ఇప్పటికీ వాడతారు, ఇంటర్ ఫిజిక్స్‌లో రిటార్డేషన్ ఉంటుంది. మనిషికి మాత్రం అది తిట్టు అయిపోయింది. అమెరికాలో 2010లో చట్టం చేసి కేంద్ర చట్టాల్లోంచి తీసేశారు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో కూడా ‘ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ’ అనే ఉంటుంది. ఇక్కడే మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరులో ‘మెంటల్లీ హ్యాండీక్యాప్డ్’ అని ఉండేది, దాన్నీ మార్చారు.

ఇంకొకటి. ‘బ్యాక్‌వర్డ్’ వద్దు, ‘స్లో’ వద్దు, ‘స్లో లెర్నర్’ అసలే వద్దు. అవి పిల్లవాడి గుణం ఇది అని చెప్తాయి. ఒకసారి రికార్డులో పడితే వచ్చే ఏడాది టీచర్ కూడా అదే చదువుతారు. మీవాడు నెమ్మది కాదు, మూడు వారాలు దూరంగా ఉన్నాడు, అంతే. ‘ఫాల్ బిహైండ్’ చెప్పేది ఆ దూరం గురించే.

ఉప్పల్ వాసి: నేను చెప్పింది అదే.

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ: వాక్యం మొత్తం ఎలా రాయాలండి? ‘ఫెల్’ అనాలా, ‘ఫాలెన్’ అనాలా?

కొత్తపేట: ‘హి హ్యాజ్ ఫాలెన్ బిహైండ్ ఇన్ మ్యాథ్స్ బికాజ్ హి మిస్డ్ త్రీ వీక్స్ ఆఫ్ స్కూల్ విత్ డెంగీ.’ ‘హ్యాజ్ ఫాలెన్’ అంటే ఇప్పటికీ ఆ తేడా ఉందని. ‘ఫెల్’ అంటే అప్పుడెప్పుడో జరిగినట్టు వస్తుంది. సబ్జెక్టుకి ‘ఇన్’, హోంవర్క్‌కి ‘ఆన్’. రెండో వాక్యంగా ‘ప్లీజ్ గివ్ హిమ్ సమ్ టైమ్ టు క్యాచ్ అప్’ పెట్టండి. అందుకోవడం అన్నమాట. ఇది లేకపోతే లెటర్ సగమే.

సికింద్రాబాద్ స్పెషల్ ఎడ్యుకేటర్: జ్వరం తగ్గినా కొన్నాళ్లు నీరసం ఉంటుందమ్మా. రోజుకు ఎక్కువసేపు కూర్చోబెట్టకండి. ఏ పాఠాలు పోయాయో టీచర్‌ని అడిగి రాయించుకోండి.

బర్కత్‌పురా పాఠకుడు: ‘స్లో డౌన్’ అంటారు, ‘స్లో అప్’ అని కూడా చదివాను. రెండూ ఒకటేనా?

నల్లకుంట రిటైర్డ్ లెక్చరర్: ఒకటే. రెండింటికీ నెమ్మదించడం అనే అర్థం. ‘డౌన్’ ఎక్కువ వాడుకలో ఉంది.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్: సార్, మరి ‘ల్యాగ్’ ఎక్కడి నుంచి వచ్చింది?

దిల్‌సుఖ్‌నగర్ అమ్మ: ఇచ్చేశానండి. టీచర్ చదివి సరే అన్నారు. థ్యాంక్స్. బాబు లేచాడు, మళ్లీ వస్తాను.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్: లెక్చరర్ గారూ, ‘ల్యాగ్’ సంగతి?