సమస్య: "తాను గెలిపించు జట్టునే తాను గెలిచె"

ఛందస్సు తేటగీతి. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ జట్లు రెండింటికీ ఆడిన ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఒకరిని వస్తువుగా తీసుకొని, పై పాదం చివర వచ్చేటట్లు పూరించవలసినదిగా కవిమిత్రులకు మనవి.

మొదటి పూరణ:

బార్సిలోనకు నైదేండ్లు బంతి నాడి
యైదు సున్నగ మాడ్రిడు నణచె ముందు;
ఏడు తిరుగక మునుపె తా నెదురు జేరి
తాను గెలిపించు జట్టునే తాను గెలిచె.

పరిశీలన: పేరు చెప్పకపోయినా "ఐదు సున్న" అనగానే మైఖేల్ లౌడ్రుప్ కళ్లముందు నిలిచాడు. 1994 జనవరి 8న మాడ్రిడ్‌ను 5-0తో ఓడించిన బార్సిలోనాలోనూ, 1995 జనవరి 7న అదే 5-0తో బదులు తీర్చుకొన్న మాడ్రిడ్‌లోనూ ఉన్నవాడు అతడు. "గెలిపించు" తద్ధర్మార్థక విశేషణం కనుక, గెలిపిస్తున్న అనే అర్థానికీ ఒకప్పుడు గెలిపించిన అనే అర్థానికీ ఒదుగుతుంది. సమస్యలోని విరోధాన్ని సడలించే ముడి అదే, దానిని మీరు సరిగా పట్టుకొన్నారు. అయితే "ముందు" తరువాత మూడవ పాదం అచ్చుతో మొదలుకావడం విసంధి దోషం (సంధి చేయవలసిన చోట చేయకపోవడం). పై పాదాన్ని "నణచి వైచె" అని ముగించి ద్రుతంతో (నకారంతో) కలుపుదామంటే "నేడు" అయి, ఇవాళ అనే అర్థం వచ్చి కూర్చుంటుంది. "వత్సరము నిండకయె వైరి వలువ దొడిగి" అంటే ఎలా ఉంటుందో చూడండి.

కవి జవాబు: సవరణ శిరోధార్యమండీ. "నిండకయె" అనడం అతిశయోక్తి కూడా కాదు, ఆ రెండు ఆటల నడుమ 364 రోజులే.

రెండవ పూరణ:

వేయి కోట్లకు దనజట్టు విడిచి ఫీగొ
తెల్ల దుస్తుల బాతూరు దిరిగి చేర
నీలలును దిట్లు మ్రోగగా నెదిరి నిలిచి
తాను గెలిపించు జట్టునే తాను గెలిచె.

పరిశీలన: ధార బాగుంది, యతులు కుదిరాయి. వేయి కోట్ల పెసెటాలన్నదీ (అప్పటి స్పెయిన్ నాణెం) నిజమే, 2000 జూలైలో మాడ్రిడ్ క్లబ్ అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఫ్లోరెంతినో పెరెజ్ ఎన్నికల వాగ్దానం ప్రకారం, ఫీగోను బార్సిలోనా నుంచి తెచ్చుకోవడానికి మాడ్రిడ్ చెల్లించిన మొత్తం అది. చిక్కంతా "గెలిచె" దగ్గరే ఉంది. ఈ వర్ణన చదివితే గుర్తుకు వచ్చేది ఆ అక్టోబరు 21న మాడ్రిడ్ ఆటగాడిగా బార్సిలోనాకు అతని తొలి రాక, ఆ రాత్రి మాడ్రిడ్ 0-2తో ఓడింది. మైదానంలోకి పందితల వచ్చి పడి ఆట ఆగిపోయిన 2002 నవంబరు రాక అనుకొందామా అంటే అది 0-0. వర్ణించిన సన్నివేశమే సమస్యాపాదాన్ని కాదంటున్నప్పుడు పూరణ నిలవదు.

మూడవ పూరణ:

రియలు జట్టున నైదేండ్లు రేగి యాడి
బార్సిలోనను జేరిన వాడు లూయి
యెన్రికే ఫీగొ చూచుచు నెదుట నిలువ
తాను గెలిపించు జట్టునే తాను గెలిచె.

పరిశీలన: రెండవ పూరణ తప్పిపోయిన రాత్రినే పట్టుకొని, దానిని అవతలి వైపు నుంచి చూపించడం నాకు మిక్కిలి నచ్చింది. 1995 నాటి 5-0లో మాడ్రిడ్ తరఫున ఒక గోలు కొట్టి, 1996లో బదిలీ రుసుము లేకుండానే బార్సిలోనాకు వచ్చిన లూయిస్ ఎన్రికే, ఫీగో తొలి రాకనాటి రెండు గోళ్లలో ఒకటి కొట్టాడు. పేరు రెండు పాదాల మధ్య విరిగినా యడాగమం అతికింది. "ఫీగొ" అని హ్రస్వం చేయడాన్ని పరదేశి పేరు కనుక ఇద్దరికీ మన్నిస్తున్నాను.